పదహారు గంటల చార్జింగు

ఆ ఆదివారం పొద్దున టైపు మాస్టారు ఒకే ఒక్క పని పెట్టుకున్నారు. పదింటిలోగా కార్డ్‌లెస్ ఫోనుకి కొత్త బ్యాటరీ వెయ్యాలి. భార్య పోయి రెండేళ్లయింది. టైపు నేర్చుకునేవాళ్లు అంతకుముందే మాయమయ్యారు. ఆయనకి ఫోన్ చేసే మనిషి లోకంలో చెల్లెలొక్కతే, అదీ ఆదివారం పదింటికి. మూడు వారాలుగా ఆవిడ కష్టసుఖాలు మొదలుపెట్టగానే ఫోన్ ఠక్కున ఆగిపోతోంది. "ఈసారి మధ్యలో పెట్టేశావంటే నేనిక చెయ్యను అన్నయ్యా," అందావిడ పోయిన వారం. తప్పు తనది కాదు, బ్యాటరీదని చెప్పబోయేలోగా అది కాస్తా అయిపోయింది.

దుకాణదారు మూడు రకాలు ముందు పెట్టాడు. మాస్టారు పాతదాన్ని పక్కన పెట్టుకుని వోల్టులు చూశారు, తీగ రంగులు చూశారు, పెళ్లిచూపులకి వచ్చినట్టు అరగంట చూసి ఒకటి ఖాయం చేశారు. ఇంటికొచ్చి బిగించి, పెట్టెలోని కాగితం చదివారు. మొదటిసారి పదహారు గంటలు కదపకుండా చార్జింగులో ఉంచాలట. ముప్ఫై ఏళ్లు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొట్టించిన మనిషి ఆయన. ఉంచేశారు.

పదింటికి ఫోన్ మోగింది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడ్డారు. ఇప్పుడు తీస్తే బ్యాటరీ పాడవుతుంది, మాట మధ్యలో ఆగిపోతుంది, ఉన్న ఒక్క చెల్లెలూ దూరమవుతుంది. ఆగి ఆగి మోగుతూనే ఉంటే ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. తలుపు లాగేసి, కింది దర్జీ దగ్గర సెల్‌ఫోన్ అడిగి చెల్లెలికి చేశారు. ఎన్నిసార్లు చేసినా ఎంగేజ్. ఆవిడ అటు ఈయన ఇంటి ఫోనుకే చేస్తోంది మరి. విసిగి వేసారి, కంగారుపడి, చివరికి భవనం కింద వాచ్‌మన్ గదికి చేసి, అన్నయ్య ఫోన్ తియ్యడం లేదని చెప్పింది.

మాస్టారు మూడో అంతస్తుకి చేరేసరికి ఆయన గుమ్మం ముందు జనం. లోపల ఫోన్ మోగుతోంది. వడ్రంగి తాళం మీద ఉలి ఆనించాడు. వాచ్‌మన్ కొత్తవాడు, ఆయన్ని చూసి ఎరగడు. ఏమైందని మాస్టారు ముందున్నాయన్ని అడిగారు.

"టైపు మాస్టారు పోయారండి. పాపం, చాలా మంచివారు."

"మీకు బాగా తెలుసా?"

"ఎదురిల్లేనండీ మాది. ఎప్పుడూ చూళ్లేదనుకోండి."

తలుపు తనది కనక, మాస్టారు కాస్త దారివ్వమన్నారు.

"అందరం చూడ్డానికే వచ్చాం పెద్దాయనా, వెనకాల నిలబడండి," అంది ఒకావిడ.

మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి, వడ్రంగిని పక్కకి జరిపి, తలుపు తీసి లోపలికెళ్లారు. ఫోన్ వంక ఒక్క క్షణం చూశారు. జన్మలో మొదటిసారి కాగితం మాట కాదన్నారు.

అవతల చెల్లెలు ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత మూడు వారాల బాకీ కబుర్లన్నీ చెప్పింది. గంటంబావు గడిచినా బ్యాటరీ చెక్కుచెదరలేదు.

"ఇక నిన్ను నమ్మను. రోజూ పొద్దునా సాయంత్రం చేస్తాను, నువ్వు పలకాలి," అందావిడ.

మాస్టారు సరేనన్నారు. వెనక్కి తిరిగితే ఎదురింటాయన, వడ్రంగి, వెనకాల నిలబడమన్న ఆవిడ కుర్చీల్లో కుదురుగా కూర్చుని ఉన్నారు. ఆ భవనంలో ఆయనకున్న పరిచయాలన్నీ ఆయన 'పోయిన' తర్వాత ఏర్పడినవే.