నాగేంద్రబాబు గారి త్రీ ఫేజ్ త్యాగం

ఇకమీదట పెట్రోలు గానీ డీజిలు గానీ తన గేటు దాటి లోపలికి రావని మా నాగేంద్రబాబు గారు ఆత్మకూరులో ఒక కల్యాణ మండపం అద్దెకు తీసుకుని, విలేకరులను పిలిచి మరీ ప్రకటించారు. ఎలక్ట్రిక్ కారు కొంటున్నానని చెబితే ఒక్క ముక్కలో అయిపోయేది. ఆయన భోజనాల వేళ దాటేదాకా మాట్లాడారు. భూగోళం వేడెక్కుతున్న సంగతి కళ్లకు కట్టినట్టు చెప్పారు. మండపంలో ఏసీ చెడిపోయి ఉండటం వల్ల ఆ వేడి అందరికీ బాగా అర్థమైంది.

ఉదయగిరిలో ఆయన ఇంటికీ నా పిండిమరకూ మధ్య ఒక్క గోడే అడ్డం. అందువల్ల చరిత్రను దగ్గర నుంచి చూసే అదృష్టం నాకు దక్కింది. ఆయన మా మండలంలో అధికార పార్టీ కన్వీనరు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీకి ఆయనే కన్వీనరు. ఇంత నిలకడ గల మనిషిని నేను మరొకరిని చూడలేదు.

కారు కన్నా ముందు ఛార్జరు ఎంచుకోవాలన్నారు ఆయన. కారు ఎవడైనా కొంటాడు, ఇంట్లో ఛార్జింగ్ ఏర్పాటు చూస్తేనే నాయకుడి దూరదృష్టి తెలుస్తుందన్నారు. అందుకోసం ఒక కమిటీ వేశారు. కమిటీ బెంగళూరు వెళ్లి ప్లగ్గులు పరిశీలించింది. ఊటీలో కూడా పరిశీలించిందని ఫొటోలను బట్టి తెలిసింది.

చివరకు నెల్లూరు నుంచి చైతన్య అనే కుర్రవాడు వచ్చాడు. ఛార్జర్లు అమ్మే కంపెనీలో పని. వసారాలో కూర్చుని విడమరచి చెప్పాడు.

“మూడు రకాలుండాయి సార్. మామూలు పదహారు యాంపుల సాకెట్టు ఒకటి. రాత్రి పెడితే తెల్లారేసరికి కారు నిండతాది. రెండోది గోడకు బిగించే పెట్టె. సింగిల్ ఫేజు చాలు, ఇంకా తొందరగా అయిపోతాది. మూడోది త్రీ ఫేజు. మీరు అనుకున్న కారుకు అది దండగ సార్. కారు లోపల దాని ఛార్జరు దానికుంటాది. గోడకు మనం ఎంత పెద్దది పెట్టినా అది తాగేదే తాగతాది.”

నాగేంద్రబాబు గారి భార్య ప్రసన్నకుమారి కాఫీ ఇస్తూ విన్నది. “గీజరు సాకెట్టు ఉండాది గదా. ఎండాకాలం దాన్ని ఎట్లాగూ వాడం. దాంట్లో పెట్టుకోండి” అన్నది.

“బాత్రూములోంచి వైరు లాగి కారు ఛార్జి చేసుకోమంటావా? ప్రతిపక్షం వాళ్లు ఏమనుకుంటారు?”

“ప్రతిపక్షం వాళ్లు మన బాత్రూములోకి ఎందుకొస్తారు?”

ఆ ప్రశ్నను ఆయన పెద్దమనసుతో వదిలేశారు. “త్రీ ఫేజే పెట్టబ్బాయ్” అన్నారు.

“కారు అంత తీసుకోదు సార్.”

“తీసుకోకపోతే దాని కర్మ. ఇచ్చేదాంట్లో మనం తక్కువ చేయగూడదు.”

మరునాడు కరెంటాఫీసు నుంచి హెన్రీ అనే ఇంజినీరు వచ్చి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు వంక చాలాసేపు చూశాడు. అది నా మర ఆడినప్పుడల్లా మూలుగుతుంది.

“దీని మీద త్రీ ఫేజు పెద్ద లోడంటే కుదరదు సార్. కొత్తది ఎక్కించాల. ఇప్పుడొచ్చింది ఒకటే ఉండాది. అది చెరువు కింద కాలనీలో మంచినీళ్ల మోటారుకు శాంక్షనైంది” అన్నాడు.

“కాలనీ వాళ్లకు ఎలక్ట్రిక్ కార్లుండాయా?”

“లేవు సార్.”

“మరి?”

ఇంజినీరింగు చదువులో దీనికి జవాబు లేనట్టుంది. హెన్రీ ఫైలు తీసి కాలనీ పేరు కొట్టేశాడు. ఆ వారంలోనే కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చి నాగేంద్రబాబు గారి ప్రహరీ పక్కన దిగింది. దాని నుంచి తీగలు నేరుగా ఆయన కారు షెడ్డులోకి వెళ్లాయి. పర్యావరణ కోటా అని రాసిన బోర్డు కూడా తగిలించారు.

చెరువు కింద కాలనీలో అందరూ కూలి పనులకు పోయేవాళ్లే. చెరువు నిండిన ఏడాది చేపలు పడతారు. వాళ్ల మోటారు ఓల్టేజి చాలక గుర్రుమంటుందే తప్ప నీళ్లెత్తదు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని దుత్తలూరు రోడ్డులో ఉన్న ఒక రైతు బోరు దాకా నడుస్తారు. వాళ్లలో మాలకొండమ్మ ఒకరోజు నా మరకు బియ్యం పిండి పట్టించుకోవడానికి వచ్చింది.

“ఏందన్నా, మా ట్రాన్స్‌ఫార్మరు ఈడ దిగిందంట?”

“భూగోళం కోసం తల్లీ. పొగ లేకుండా చేస్తన్నారు.”

“మా కాలనీ భూగోళంలో లేదా?”

నేను పిండి మీద శ్రద్ధ పెట్టాను.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. తెల్లటి కారు బంతిపూలు కట్టుకుని వచ్చి షెడ్డులో ఆగింది. కలువాయి, అనంతసాగరం నుంచి కూడా కార్యకర్తలు వచ్చారు, డీజిలు బళ్లలో. నాగేంద్రబాబు గారు ప్లగ్గు పెట్టగానే పెట్టె మీద పచ్చలైటు వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక నిండేదాకా చూద్దామని కొందరు కుర్చీలు లాక్కుంటే, సాయంత్రం దాటితే గానీ నిండదని చైతన్య వాళ్ల చెవిలో చెప్పాడు.

నాగేంద్రబాబు గారు మైకు అందుకున్నారు.

“ఈ ఛార్జరు నా ఒక్కడి సొత్తు గాదు. ప్రజల ఆస్తి. ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే, వచ్చి ప్లగ్గు పెట్టుకోవచ్చు.”

జనంలోంచి మాలకొండమ్మ ముందుకొచ్చింది. ఆమె వెనక కాలనీ ఆడవాళ్లు. ఇద్దరు ఆడవాళ్లు ఒక పెద్ద కేబులు చుట్టను మోసుకొచ్చి వేదిక ముందు దించారు.

“బాబూ, మా మోటారు గూడా త్రీ ఫేజే. వైరు తెచ్చినాం. ఎక్కడ పెట్టాల్నో చూపిస్తే పెట్టుకుంటాం.”

మైకు కీచుమంది. టీవీ కెమెరాలు అటు తిరిగాయి. ఇలాంటి సమయంలో మామూలు మనిషైతే తడబడేవాడు. ఆయన చకచకా మెట్లు దిగి వచ్చి, వైరు చుట్ట మీద చెయ్యివేసి, కెమెరాల వైపు తిరిగారు.

“ఈ తల్లి నా కళ్లు తెరిపించింది. కాలనీకి నీళ్లిచ్చే బాధ్యత నాది. ఇది నా మాట.”

మళ్లీ చప్పట్లు. మరునాడు పేపర్లో ఫొటో పడింది. వైరును కాలనీ వాళ్లు మోసుకుపోయారు, ఎందుకంటే ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చూపించలేదు.

ప్రారంభోత్సవం నాటి సాయంత్రమే గోడ మీదుగా చూస్తే షెడ్డు ఖాళీ. ప్రసన్నకుమారి పూలు ఊడుస్తోంది.

“కారేదమ్మా?” అని అడిగాను.

“అది షోరూము వాళ్ల బండన్నా. జనానికి చూపించేదానికి ఒకపూట ఇచ్చినారు. ఆయనకు దాన్ని నడపడం గూడా రాదు.”

పెట్రోలును వదిలేస్తానన్న మనిషి ఏకంగా కారునే వదిలేశారు. ఇంతటి త్యాగం ఎవరు చేస్తారు?

ఆ తర్వాత షెడ్డులో పని ఆగలేదు. ముందు బోరు బండి వచ్చి పెరట్లో బోరు వేసింది. తర్వాత స్టీలు ట్యాంకులు, ఫిల్టర్లు, పైపులు దిగాయి. ఛార్జరు పెట్టెను ఊడదీసి, ఆ తీగలనే పెద్ద మోటారుకు బిగించారు. నెల తిరక్కుండా గేటు మీద కొత్త బోర్డు వెలిసింది: హరిత మినరల్ వాటర్, చెరువు కింద కాలనీకి ప్రత్యేక డెలివరీ.

ఆయన మాట తప్పలేదు. నీళ్లిస్తానన్నారు, ఇస్తున్నారు. క్యాను రేటు కూడా ఊరందరికీ ఒకటే. కాలనీ అని ఎక్కువ తీసుకోలేదు.

దీనికీ ప్రారంభోత్సవం పెట్టారు. మాలకొండమ్మను పిలిపించి, భుజాల మీద శాలువా కప్పి, కెమెరాల ముందు తొలి క్యాను చేతికిచ్చారు.

“ఈ తల్లికి ఈరోజు ఉచితం” అన్నారు నాగేంద్రబాబు గారు.

మాలకొండమ్మ శాలువా సర్దుకుంది.

“ఉచితం ఎందుకు బాబూ. కరెంటు మాది. నీళ్లు భూమిలోవి. క్యాను ఒక్కటే గదా నీది. అది నీకు ఇచ్చేస్తాం.”

ఆమె క్యాను వంచి నీళ్లన్నీ తన బిందెలో పోసుకుని, ఖాళీ క్యాను ఆయన చేతిలో పెట్టి, బిందె చంకనెత్తుకుని నడిచింది. వెనకున్న ఆమె ముందుకొచ్చి ఇంకో క్యాను అందుకుంది. ఆమె వెనక వరస గేటు దాటి, నా మర దాటి, వీధి మలుపు దాకా ఉంది. అందరి చంకలోనూ బిందెలు.

కెమెరాలు ఆడుతూనే ఉన్నాయి. నాగేంద్రబాబు గారు చిరునవ్వు చెదరనివ్వకుండా ఖాళీ క్యాన్లు ఒక్కొక్కటే అందుకుంటూ నిలబడ్డారు.