మా ఆవిడ రక్తం మళ్ళీ నచ్చలేదట

పరీక్షకిచ్చిన రక్తాన్ని ల్యాబువాళ్ళు తిప్పి పంపడం ఆరోగ్యానికి చాలా మంచిది. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆవిడకి ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు తిరగడం. క్లినిక్‌లో డాక్టరమ్మ ఆవిడ కింది కనురెప్ప లాగి చూసి, "రక్తం తక్కువగా ఉన్నట్టుందండీ. ఎంతుందో తెలియకుండా మందు రాయలేను, పరీక్ష చేయించండి" అంది. అక్కడి ల్యాబులోనే చేయించాం. సాయంత్రానికి నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. "మీ శాంపిల్ తిరస్కరించబడినది. దయచేసి మళ్ళీ రండి."

మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అదే మెసేజ్. ఆ తర్వాత కూడా అదే.

ఇందులో ఎన్ని లాభాలున్నాయో ఆలోచించారా? ముందు దాంపత్యం సంగతి చూడండి. పెళ్ళయిన కొత్తలో కూడా మేమిద్దరం పొద్దున్నే ముస్తాబై జంటగా బయల్దేరిన పాపాన పోలేదు. ఇప్పుడు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మరీ వెళ్తున్నాం. వదిలితే ఆవిడ పడిపోతుందన్నది వేరే సంగతి. చూసేవాళ్ళకి ఎంత ముచ్చటగా ఉంటుంది!

ఇక చుట్టరికాలు. రక్తం తీసే అమ్మాయి మా ఆవిడని చూడగానే, "నిన్న ఎడమ చెయ్యి అయింది కదా ఆంటీ, ఇవాళ కుడిది ఇవ్వండి" అంటుంది, సొంత మేనకోడలిలా. మాలాగే రోజూ తిరస్కారం పొందే ఒక పెద్దాయన బెంచీ మీద మాకు చోటు ఆపి ఉంచుతున్నాడు. మా వాడికి సంబంధం కూడా చూస్తానన్నాడు.

పైగా వినయం అలవడుతుంది. నా వ్యాసాలు పత్రికల నుంచి తిరిగొచ్చినప్పుడల్లా మా ఆవిడ కిసుక్కున నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు. నవ్వడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

మొన్న క్లినిక్ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక మెట్టు మీదే కూర్చుండిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. ఆవిడకి మంచినీళ్ళిచ్చి, నేను తిన్నగా ల్యాబు తలుపు తట్టాను.

"గడ్డకట్టిందండీ" అన్నాడు ల్యాబాయన తల ఎత్తకుండా. "ఊదారంగు మూత ట్యూబులో గడ్డకట్టకుండా మందుంటుంది. రక్తం పట్టగానే మెల్లగా తలకిందులు చేస్తూ కలపాలి. రక్తం తీసేవాళ్ళు కలపట్లేదు."

"ఆ మాట పక్కగదిలో చెప్పారా?"

"అది కలెక్షన్ అండీ, మాది ల్యాబ్. రిజెక్టయితే మెసేజ్ పేషెంటుకి వెళ్తుంది."

ఎంత పద్ధతి! రెండు గదులకీ మధ్య ఒకటే గోడ. ట్యూబులు అందించడానికి ఆ గోడకి చిన్న కిటికీ కూడా ఉంది. ట్యూబు పడుతుంది గానీ మాట పట్టదు కాబోలు. మాటని మోసుకెళ్ళడానికి రోగి ఉన్నాడు, రోగికి తోడు మొగుడున్నాడు. ఇక సూపర్‌వైజర్లు దేనికి, జీతం దండగ.

నేనే గోడ చుట్టూ తిరిగొచ్చి, ఆ అమ్మాయికి మెల్లగా విషయం చెప్పాను. ఆ పిల్ల చేతిలో ట్యూబుని వింతగా చూసింది.

"కలపాలా అంకుల్? నేను చేరినప్పుడు ఎవరూ చెప్పలేదు. తీసి స్టాండులో పెట్టేయమన్నారంతే. తిప్పి పంపుతున్నారని కూడా నాకు తెలీదు. ఆంటీకి పరీక్షలు ఎక్కువ రాశారేమో అనుకున్నా."

పాపం, మొహం చిన్నబోయింది. ఆ రోజు మా ఆవిడ రక్తాన్ని పసిపిల్లని జోకొట్టినంత నెమ్మదిగా తిప్పింది. సాయంత్రానికి మెసేజ్ బదులు రిపోర్టొచ్చింది.

డాక్టరమ్మ దాన్ని చూడగానే నా మీద విరుచుకుపడింది. "రక్తం ఇంత తక్కువుంటే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?"

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ గోడకి చేరగిలబడి నీరసంగా జవాబిచ్చింది.

"ఉన్న కాస్తా రోజూ తెచ్చి మీకే ఇస్తున్నామమ్మా."