ఆకుపచ్చ అంచు

ఇచ్చిన వస్తువును నోరు తెరిచి తిరిగి అడగడం పాపమా, కాదా? ఈ సందేహం కెరానవ్వను పంతొమ్మిదేళ్లుగా పీడిస్తోంది. పుట్టింటివారు పెట్టిన రాగి గంగాళాన్ని పక్కింటి మింకా పండ్ల జామ్ కాచుకుంటానని పట్టుకుపోయింది. ప్రతి ఆదివారం ఇద్దరూ చర్చిలో పక్కపక్కనే కొవ్వొత్తులు వెలిగిస్తారు. గంగాళం మాట మాత్రం రాదు.

ఆ రోజు అవ్వకు డెబ్బై నిండాయి. కొండమీది చిన్న చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, దిగివచ్చి, ఈసారి అడిగేయాలనుకుని తెల్లవారకముందే బయలుదేరింది.

దిగివస్తుంటే రొట్టెలవాడు ఆమెను చూసి సిలువ గీసుకుని, బండి వదిలేసి పరుగెత్తాడు. ఇంటి ముందు జనం. ఒక్కొక్కరి చేతిలో శవం మీద పెట్టే రెండేసి పూలు. అవ్వ వాళ్ల వెనక నిలబడి తొంగిచూసింది. గేటు మీది కాగితంలో తన ఫొటో, పేరు, కింద డెబ్బై. చుట్టూ ఆకుపచ్చ అంచు!

చావు ఒక ఎత్తు, ఆ అంచు ఒక ఎత్తు. ఆ ఊళ్లో ఎవరైనా పోతే ఫొటోతో చావు కాగితం గేటుకు అంటిస్తారు. క్రైస్తవులకు దాని అంచు నల్లగా ఉంటుంది. ఆకుపచ్చ ముస్లిములకు.

"మొన్న ఆదివారం కూడా నా చేతి పవిత్ర రొట్టె తీసుకుంది హోజా గారూ! ఎప్పుడు మతం మారింది?" అంటున్నాడు పాదిరి, ముఖం పాలిపోయి.

"నాకూ తెలీదండీ. కాగితం చూశాక రాకపోతే బాగుండదు కదా! గోరీ తవ్వేవాణ్ణి కూడా తెచ్చాను," అన్నాడు మసీదులో నమాజు చదివించే హోజా.

ఇంతలో మింకా జనాన్ని తోసుకుంటూ వచ్చింది, గంగాళం పొట్టకు అదుముకుని. "కెరానక్కా, పైన నా మీద చెప్పకే! ఏటేటా కళాయి వేయిస్తూనే ఉన్నా. ఇన్నాళ్లయ్యాక ఏ మొహంతో ఇవ్వనే?"

"ఈ మొహంతోనే ఇవ్వు," అంది అవ్వ వెనకనుంచి.

మింకా కెవ్వుమంది. గంగాళం హోజా కాలిమీద పడింది. ఆ చప్పుడుకు తలుపు తీసుకుని యోరిస్ వచ్చాడు, చేతిలో కేకుతో. హాలండు ఆచారాలనూ ఇక్కడి ఆచారాలనూ పోల్చి పుస్తకం రాయడానికి వచ్చి, నెల రోజులుగా అవ్వ ఇంట్లోనే ఉంటున్నాడు.

"పుట్టినరోజు శుభాకాంక్షలు అవ్వా!" అన్నాడు. అందరూ గేటు వైపు చూశారు. "మా ఊళ్లో పెద్ద పుట్టినరోజుకి ఫొటో గుమ్మానికి కడతాం. ఇక్కడ నల్ల అంచు చావుకని తెలుసు. అందుకే ఏరికోరి ఆకుపచ్చ వేశాను!"

పాదిరి మెట్టుమీద కూలబడ్డాడు. "రంగులన్నీ తెలుసుకుని రాయి నాయనా," అంది అవ్వ.

గంగాళం ఎత్తి లోపలికి చూసింది. కళాయి అద్దంలా మెరుస్తోంది. పంతొమ్మిదేళ్లు తనను ఒక్క సందేహం పీడిస్తే, పక్కింట్లో ఇంకొకరిని సిగ్గు పీడించిందన్నమాట. దేవుడు ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టి ఏం చూశాడో!

"రేపు ఇందులో మిరపకాయల పచ్చడి ఉడకేస్తున్నా, రా," అంది మింకాతో.

మింకా కళ్లు తుడుచుకుని, గేటు మీది కాగితం చింపబోయింది.

"ఉండనీవే సాయంత్రం దాకా. నా నిచ్చెన పట్టుకుపోయినవాడు ఇంకా రాలేదు."