మస్తానయ్య పూచీ

ప్రజాసేవలో ఉన్నంతకాలం రూపాయి చేత్తో ముట్టబోనని పద్మనాభయ్యగారు గూడూరు సభలో ప్రతిజ్ఞ చేశారు. జనం పులకించిపోయారు. ముట్టకుండా 1962 ఎన్నికలు ఎలా గట్టెక్కుతారన్న అనుమానం కొందరికి రాకపోలేదు గానీ, సాయంత్రానికల్లా అదీ తీరింది. నిమ్మకాయల దళారి మస్తానయ్యను ఆయన తన ఎలక్షన్ ఏజెంటుగా ప్రకటించారు.

మస్తానయ్య ఆ రాత్రే ఖద్దరు జుబ్బా కుట్టించుకున్నాడు.

గూడూరు మార్కెట్లో ఒక కట్టుబాటుంది. రైతు కాయ తెస్తాడు, మద్రాసు షావుకారు కొంటాడు, నడుమ దళారి పూచీ పడతాడు. షావుకారు ఎగ్గొడితే దళారి కట్టాలి. ఇరవై ఏళ్లలో మస్తానయ్య ఎవరికీ అణా ఎగ్గొట్టి ఎరగడు. అందుకే సీజన్లో బండ్లన్నీ ముందు అతని కొట్టు దగ్గరే ఆగేవి. పద్మనాభయ్యగారి మాట మీద ఊళ్లో బీడీకట్ట కూడా అప్పు పుట్టదు. మస్తానయ్య మాట మీద మాత్రం ఏనుగే పుట్టింది. నెల్లూరులో డేరా వేసిన సర్కసు నుంచి దాన్ని నడిపించుకొచ్చి, ఎన్నికల గుర్తు గొడుగు గనుక దానికో గొడుగు పట్టి, మైకుసెట్లు అద్దెకిచ్చే మౌలా తన సెట్టుతో ముందు నడవగా ఊరేగించారు. ఊరేగింపు వెంట వచ్చినవాళ్లందరికీ పూటకూళ్ల బీజాన్ అప్పు మీద పలావు వండింది. చెరుకు తిన్నది ఏనుగు, పూచీ పడ్డది మస్తానయ్య.

పద్మనాభయ్యగారు గెలిచారు. ఉపమంత్రి కూడా అయ్యారు. మర్నాటి నుంచే మౌలా, బీజాన్, సర్కసు మేనేజరు వచ్చి మస్తానయ్య కొట్టు ముందు బల్లమీద కూర్చోసాగారు.

"ఆయనెవరో మాకు తెలీదన్నా. నిన్ను జూసి ఇచ్చినాము," అన్నాడు మౌలా.

నెలలో సీజను మొదలవుతుంది. బల్ల అప్పటికి ఖాళీ కాకపోతే కొట్టు మూసుకోవడమే. మస్తానయ్య హడలిపోయి హైదరాబాదు రైలెక్కాడు. ఉపమంత్రిగారు కాఫీ తెప్పించి, ఆప్యాయంగా భుజం తట్టారు.

"రూపాయి ముట్టనని ఒట్టు పెట్టుకున్నా గదయ్యా. ముట్టకుండా నీకెట్ట ఇచ్చేది?"

ఇందులో తప్పుపట్టడానికి మస్తానయ్యకు ఏమీ కనిపించలేదు. ఇంతటి నిష్ఠాపరుడికి తాను ఏజెంటునని ఛాతీ పొంగింది కూడా.

ఇక మిగిలింది చిల్లకూరు నిమ్మతోట. అది భార్య ఆదిశేషమ్మది, పుట్టింటివాళ్లు ఇచ్చింది. ఏడ్చి ఏడ్చి అమ్మడానికి ఒప్పుకుంది. సంగతి తెలిసి ఉపమంత్రిగారు చలించిపోయారు. బంగారంలాంటి తోట పరాయివాళ్ల పాలు కాకూడదని తామే కొంటామని కబురు పెట్టారు. మస్తానయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బేరం తనే కుదిర్చాడు. రిజిస్ట్రారు ముందు ఆదిశేషమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంటే, అలవాటు కొద్దీ "డబ్బుకు నాది పూచీ" అనేశాడు. ఆమె వేలిముద్ర వేసింది.

డబ్బు రాలేదు. ఉత్తరం వచ్చింది. ప్రతిజ్ఞ నేటికీ చెక్కుచెదరలేదని అందులో ఉంది.

సీజను మొదటిరోజు పొద్దున్నే బల్లమీద ముగ్గురూ హాజరు. కాసేపటికి ఆదిశేషమ్మ కూడా వచ్చి, సర్కసు మేనేజరు పక్కన కూర్చుంది. మస్తానయ్య తెల్లబోయాడు.

"కొన్నోళ్లు ఇయ్యకుంటే దళారి ఇయ్యాల గదా," అందామె, అతనివైపు చూడకుండా.

బీజాన్ మనసు కరిగి, అక్కకే ముందు ఇచ్చెయ్యమంది. ఆదిశేషమ్మ ఒప్పుకోలేదు, వరసలో తనది నాలుగోదేనంది. మస్తానయ్యకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. జుబ్బా అంచుతో మొహం తుడుచుకుంటుంటే మార్కెట్లోకి తొలి బండి వచ్చింది. కాయ చిల్లకూరు తోటది. అతను ఆశగా ఎదురెళ్లాడు.

బండివాడు ఎద్దుల్ని అదిలించి ముందుకు పోనిచ్చాడు.

"ఈ కొట్లో బాకీలు తీర్చడం లేదంట," అన్నాడు. "పక్క కొట్లో దించమన్నారు మంత్రిగారు."