రాందాస్ సారు జీపుకు కొత్త బుష్‌లు

ఆ ఆదివారానికి రాందాస్ సారు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. జీపు ముందు కమానుల్లో, అంటే కుదుపులు ఆపే ఇనుప పట్టీల్లో, అరిగిపోయిన రబ్బరు బుష్‌లు తీసేయడం, ఖమ్మం నుంచి తెప్పించిన కొత్తవి ఎక్కించడం, స్నానం చేసి పదకొండు గంటలకల్లా దుమ్ముగూడెం బడికి చేరి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వడం. సైన్సు మాస్టారుగా రిటైరైన నాటి నుంచి హేతువాద సంఘం తరఫున ఊరూరా ఇలా మాట్లాడటమే ఆయన పని. బండికి నిమ్మకాయ కట్టనివ్వని మనిషిగా భద్రాచలం చుట్టుపక్కల ఆయనకు పేరుంది. ఆ పేరు తప్ప ఆయన వేరే దేన్నీ అంత జాగ్రత్తగా కాపాడుకోలేదు.

జీపును జాకీతో లేపి, ఛాసిస్ కింద మొద్దులు పెట్టారు. పాత బుష్‌ను పట్టి ఉంచిన బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

"పూలీ, రెండు నిమ్మకాయలు కోసి, ఇంత ఉప్పేసి ఇయ్యి."

"ఏందయ్యా, బోల్టుకు దప్పికయితుందా?" అంది భార్య వంటింట్లోంచి.

"తుప్పుకు పులుపు పడదు. అది కెమిస్ట్రీ."

ఎదురింటి అరుగు మీద వేపపుల్ల నములుతున్న ఆటో వీరన్న, జీపు ముందు పడి ఉన్న నిమ్మచెక్కలను చూసి నమలడం ఆపేశాడు.

పులుపు పనిచేసింది, బోల్టు వచ్చింది. కొత్త బుష్ మాత్రం లోపలికి దిగనంది. సుత్తితో నేరుగా కొడితే రబ్బరు చిరుగుతుంది. మధ్యలో మెత్తనిది ఏదైనా ఉండాలి. సారు పీచు తీయని కొబ్బరికాయను బుష్‌కు ఆనించి గట్టిగా ఒక దెబ్బ వేశారు. బుష్ దిగింది. కాయ పగిలి నీళ్లు ముందు చక్రం మీద పడ్డాయి.

"ఒక్క దెబ్బకే పగిలింది సారూ! మంచిదే," అన్నాడు వీరన్న.

"ఇది పూజ గాదు వీరన్నా. పీచు దెబ్బను మెత్తబరుస్తది, అంతే."

"అవ్ సారు, గట్లనే అనాలె. మీ సంఘపోళ్లకు తెలిస్తే బాగుండదు."

నట్లు బిగించాక వాటి మీద రంగుతో గీత గీయడం సారు అలవాటు. నట్టు వదులైతే గీత చీలి కనిపిస్తుంది. ఇంట్లో రంగు ఎండిపోయింది. కుంకుమను నూనెలో కలిపి గీశారు. జీపును కిందికి దించి, కమాను సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు ఆనేలా వంగారు. వీరన్న చెప్పులు విడిచాడు. తరువాత ఏదో గుర్తొచ్చినట్లు ఆటో తీసి, దుమ్ముగూడెం బేరానికి వెళ్లిపోయాడు.

సారు బడికి చేరేసరికి గది నిండి కిటికీల దగ్గర కూడా జనం ఉన్నారు.

"ఇంతమంది ఎప్పుడూ రాలే సార్," అన్నారు హెడ్మాస్టరమ్మ ప్రమీలారాణి గొంతు తగ్గించి. "మొత్తానికి మీరు కూడా జీపుకు... ఇంట్లో ఆమె పట్టు పట్టిందట గదా?"

రాందాస్ సారు నేరుగా బోర్డు దగ్గరికి నడిచారు. రాసుకొచ్చిన ఉపన్యాసాన్ని జేబులోనే ఉంచి, చాక్‌పీసు అందుకున్నారు. కమాను, బుష్, బోల్టు గీశారు. నిమ్మరసంలోని ఆమ్లం తుప్పును ఎలా కరిగిస్తుందో, పీచు దెబ్బను ఎలా పంచుతుందో, కుంకుమ గీత ఎందుకో గంటసేపు వివరించారు. ముందు వరసలోని వీరన్నే మొదట చప్పట్లు కొట్టాడు. జీపు ఏ గుంతలోనూ కిర్రుమనకుండా ఇంటికి చేరింది. పేరు దక్కిందనుకుని సారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

తెల్లవారి తలుపు తీస్తే, వీరన్న ఆటో, సంతలకు సరుకు తోలే తబ్రేజ్ పాత వ్యాను, వాటి వెనుక మరికొన్ని బండ్లు గేటు వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి. అందరి చేతుల్లోనూ నిమ్మకాయలు, కొబ్బరికాయ, కుంకుమ పొట్లం.

"నిన్న గంటసేపు నేను చెప్పిందేంది? ఇది పూజ గాదయ్యా!"

"పూజని ఎవరన్నరు సారు?" వీరన్న నొచ్చుకున్నాడు. "సైన్సే. బోర్డు మీద మీరే చూపెట్టిండ్రు గదా."

"మరి మీ ఇండ్లకాడ చేసుకోకపోయిన్రా?"

"మా చేత్తోని చేస్తే పనిజేస్తదో లేదో సారు," అన్నాడు తబ్రేజ్ వినయంగా. "మీ చెయ్యి మంచిదంటున్నరు. జర జల్దీ కానియ్యుండ్రి, సంతకు పోవాలె."

గుమ్మంలో పూలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు వ్యాను కిందికి వంగి చూశారు. బుష్‌లు పొడిపొడిగా రాలుతున్నాయి. ఏ పేరుతోనైతేనేం, ఒక బండి బాగుపడుతుందనుకుని ఆయన చొక్కా చేతులు మడిచారు.

"సరే, కొత్త బుష్‌లు ఇటియ్యుండ్రి."

అవి ఎవరూ తేలేదు.