ముర్రుపాలపై మా వీధి హక్కు

అప్పుడే పుట్టిన దూడకు ముర్రుపాలు పట్టడం ఘోరమైన దుబారా. చోడవరంలో మా వీధి ఈ సంగతి ఏనాడో గ్రహించింది. పాఠకులు కూడా గ్రహించాలని నా మనవి.

కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు ఒక వింత చెబుతున్నాడు. కడుపులో ఉన్నంతకాలం గేదె తన దూడను పోషిస్తుందట గాని, రోగాలను ఎదిరించే బలం మాత్రం పంపలేదట. ఆ బలమంతా కూడబెట్టి, ఈనగానే తొలి పాలలో ఇస్తుందట. పుట్టిన పూటే తాగాలట. ఆలస్యమైతే తాగినా వంటబట్టదట.

ఎంత మంచి కబురు! అంత బలమున్న పాలను ఆఫీసూ హోదా లేని, సరిగా నిలబడటం కూడా రాని ప్రాణికి ధారపోస్తామా? మా వీధిలో గేదె ఈనితే ఆ పాలు బెల్లం, మిరియాలు చేర్చుకుని జున్నుగా ఇంటింటికీ వెళతాయి. ఫలితం చూడండి. ఇంతవరకు మా వీధిలో ఒక్క గుమస్తాకైనా పశువులకొచ్చే గాలికుంటు వచ్చిందా? ప్లీడరుగారికి గేదెల గొంతువాపు తగిలిందా?

దూడలు పోతున్నాయంటారు. పోతే తోలులో గడ్డి కుక్కి నిలబెడతాం. తల్లి దాన్నే నాకుతూ పాలు చేపుతుంది. గడ్డి దూడ పాలు తాగదు, తాడు తెంపుకోదు. అంత క్రమశిక్షణ గల పిల్లలు నా క్లాసులో కూడా లేరు.

మొన్న తెల్లవారేసరికి ఎదురింటి అచ్చియ్యమ్మ గేదె ఈనింది. ఇది మూడో ఈత. మొదటి రెండు దూడలూ దక్కలేదు. ఈసారి ఆడదూడ, పెయ్య. అది తడబడుతూ పొదుగు వైపు వెళ్తుంటే, వీధికంతటికీ పెద్ద దిక్కయిన మంగాయమ్మ తాడు పట్టి వెనక్కి లాగింది.

"ముర్రుపాలు దూడకి అరగవే, పారుకుని సస్తాది. ముందు నువ్వు పితుకు. జున్ను కోసం అందరూ సూస్తన్నారు."

"రెండుసార్లు నీ మాటే ఇన్నాను గదా అత్తా, ఏటి దక్కింది?" అంది అచ్చియ్యమ్మ.

"జున్ను దక్కనేదేటే?"

అప్పుడు మా ఆవిడ వరహాలక్ష్మి గడప దాటింది. ఏడాదిగా వీధిలోకి రాని మనిషి. మంగాయమ్మ చేతిలోంచి తాడు తీసుకుని, దూడ మూతిని పొదుగుకు ఆనించింది.

"తాగనియ్యండి పిన్నిగారూ. మీ గిన్నె ఇటివ్వండి, పాయసం పోసి పంపిస్తాను."

దూడ కడుపారా తాగింది. వీధికి జున్ను లేకుండా పోయింది. మంగాయమ్మ ఇక మా గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. పెద్దల మాట కాదన్న ఇంటికి ఆ శాస్తి జరగవలసిందే.

అయితే మేము ఎప్పుడూ మాట విననివాళ్లమని మాత్రం అనుకోకండి. కిందటేడు మా ఆవిడ ప్రసవించినప్పుడు, పసిదానికి అరగవని, తొలి పాలన్నీ మంగాయమ్మే దగ్గరుండి పిండించి పారబోయించింది. పిల్లకు ఆముదం నాకించింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. పిల్ల బారసాల దాకా ఉండలేదు.

పెయ్య ఇప్పుడు చెంగుచెంగున గెంతుతోంది. దానికేం పేరు పెట్టాలని అచ్చియ్యమ్మ అడుగుతోంది. మా ఇంట్లో ఎవరినీ పిలవకుండా మిగిలిపోయిన పేరొకటి ఉంది. ఇచ్చేయమని మా ఆవిడ అంటోంది. నాకే ఇంకా నోరు రావడం లేదు.