‘గేట్లెత్తారు’ ఆల్బమ్‌కు ఘన సన్మానం

గోదావరి తీరాన సంగీతానికి మరోసారి న్యాయం జరిగింది. ధవళేశ్వరం అమ్మాయి ఉషారాణి పాడిన ‘గేట్లెత్తారు’ అనే ఆల్బమ్‌ను బొంబాయిలో ఎవరో పత్రికవాళ్లు మెచ్చుకున్నారని తెలియగానే, రాజమండ్రిలోని గౌతమీ సుస్వర సమితి అత్యవసరంగా సమావేశమై, ఆమెను సన్మానించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆల్బమ్ వినాలన్న తీర్మానం మాత్రం ఎవరూ పెట్టలేదు. సన్మానం చేసేవాళ్లకు అన్ని పనులంటే కష్టం కదా.

ఆ సంగీతాన్ని నాయిస్ రాక్ అంటారు. చెవికి ఇంపుగా ఉంటానని ఎవరికీ మాటివ్వని సంగీతం అది. ఆమె బృందంలోని విష్ణు గిటారు మీటితే తుప్పు పట్టిన గొలుసుతో ఇనుప గేటు లాగినట్టుంటుంది. విజయ్ పాల్ డ్రమ్ములు బాదితే వరద నీళ్లు రాతికట్ట మీద పడినట్టుంటుంది. ఈ రెండింటి మీదుగా ఉషారాణి గొంతు లేస్తుంది. ఆ గొంతు ఆమెకు తల్లి తలుపులమ్మ దగ్గర నుంచి వచ్చింది. తలుపులమ్మ బ్యారేజీ రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. గేట్లెత్తిన రోజుల్లో నీటి హోరుకూ లారీల హారన్లకూ పైన వినపడేలా కేకవేయకపోతే ఆ పూట బేరం ఉండదు. కూతురు పుట్టినప్పటి నుంచీ ఆ కేక వింటూనే పెరిగింది. స్కూల్లో ప్రార్థన పాడేటప్పుడు టీచరు ఆమెను వరసలో నిలబెట్టి, పెదాలు మాత్రం కదపమనేవారు.

ఉషారాణి కోరిక ఒక్కటే. ఆల్బమ్‌లోని మొదటి పాట అమ్మ వినాలి. ఫోనులో వినిపించబోతే తలుపులమ్మ ఒప్పుకోలేదు. “ఆ డబ్బాలో ఏం తెలుస్తాదే? నా ఎదురుగా పాడు, ఇంటాను. మీ పిల్ల పాడతందా, ఎవర్నన్నా తిడతందా అని అడుగుతున్నారు మన ఈధిలో. నాకూ తెలవాలిగా.”

అందుకే సమితి కార్యదర్శి శశిభూషణ్ గారు పిలవడానికి వచ్చినప్పుడు, ఉషారాణి తలెత్తకుండానే, ఒక పాట పాడనిస్తారా అని అడిగింది.

“ఒక్కటేంటమ్మా! టైముంటే రెండు పాడుదువుగాని,” అన్నారాయన.

సభనాడు తలుపులమ్మ బేరం మానుకుని, జరీ చీర కట్టుకుని, వెనక వరసలో కూర్చుంది. ఉపన్యాసాలు మొదలయ్యాయి. అధ్యక్షులు లక్ష్మీనరసింహం గారు గొంతు సవరించుకున్నారు. “ఈ చిరంజీవి పాట వింటుంటే నా కళ్లు చెమర్చాయండి. ఆ లాలిత్యం! ఆ మాధుర్యం! వీణ తీగ మీద తేనెబొట్టు జారినట్టుందండి.” విష్ణు తన గిటారు వంక అనుమానంగా చూసుకున్నాడు. మహిళా విభాగం తరఫున హైమ గారు లేచారు. “ఆడపిల్ల నవ్వు పక్కగదిలోకి వినపడకూడదనేవారండి మా అమ్మగారు. ఆ సుకుమారం ఈ అమ్మాయి గొంతులో ఉందండి.”

మధ్యమధ్య మైకు కుయ్యిమని చెవులకు తూట్లు పొడిచింది. వక్తలు దాన్ని రెండు వేళ్లతో తట్టి, చిరునవ్వుతో కొనసాగించారు. దాన్నెవరూ రొద అనుకోలేదు. మైకు అరవని సభ ఒక సభేనా?

తర్వాత సన్మానం. శాలువా, గంధపుదండ, మెమెంటో, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా, పర్యావరణ స్పృహతో కడియం నుంచి తెప్పించిన క్రోటన్ మొక్క, కుండీతో సహా. ఇవన్నీ మోస్తున్న ఉషారాణికి మైకు పట్టుకునే చెయ్యి మిగల్లేదు. మైకును స్టాండుకే వదిలేసి, ఆకుల మధ్య నుంచి పాట ఎత్తుకుంది. విష్ణు గిటారు మీటాడు. స్పీకర్లు గర్జించాయి.

శశిభూషణ్ గారు ఒక్క గెంతు గెంతారు. “బుల్లియ్యా! ఏదో షార్టయిందిరా, మెయిను తీసెయ్!” మైకుసెట్టు బుల్లియ్య తీసేశాడు. “సాంకేతిక లోపానికి సమితి చింతిస్తోంది,” అని కార్యదర్శి ప్రకటించారు.

“లోపం కాదండి. పాటేనండి అది,” అంది ఉషారాణి.

“పాటంటే ఎలా ఉంటుందో మాకు తెలీదా అమ్మా?” అని లక్ష్మీనరసింహం గారు వాత్సల్యంగా నవ్వారు.

ఉషారాణి మైకు లేకుండానే సన్నగా మొదలుపెట్టింది. వెనక వరసలో తలుపులమ్మ లేచి నిలబడింది.

“ఇనపట్టం లేదే ఉషా! గేట్లెత్తినప్పుడు అలా గొణిగితే చేపలు కుళ్లిపోతాయే. గట్టిగా!”

ఉషారాణి కుండీ కింద పెట్టింది. ఈసారి వినపడింది. కిటికీ రెక్కలు అదిరాయి. ముందు వరస మొత్తం చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. సభామర్యాద గురించి అధ్యక్షులు ఏదో సెలవిచ్చారు గానీ, ఆయన మాట వినపడకపోవడం సమితి చరిత్రలో అదే మొదలు.

అంతలో వీధిలోకి శశిభూషణ్ గారి మేనకోడలి పెళ్లి ఊరేగింపు వచ్చింది. లారీ మీద మనిషెత్తు డీజే బాక్సులు. గోడలకున్న సున్నం రాలింది. ముందు వరస చెవుల్లోంచి వేళ్లు తీసి, హుషారుగా బయటికి నడిచింది. హైమ గారు తాళం తప్పకుండా చప్పట్లు కొట్టారు.

హాలు ఖాళీ అయింది. ఉషారాణి ఆపలేదు. డీజేకు పైన, నీటి హోరుకు పైన పాడినట్టే పాడింది. తలుపులమ్మ కుర్చీలు దాటుకుంటూ వేదిక దాకా వచ్చి చివరిదాకా వింది.

“ఈ కేక నాది గదే,” అంది.

“నీదేనమ్మా.”

“మరి శాలువా నీకేసారేంటే?” అని లాక్కుని కప్పుకుంది.

మర్నాడు పత్రికల్లో ‘కోకిల గానానికి పులకించిన సభ’ అని వార్త వచ్చింది. ఫొటోలో పెద్దలందరూ ఉన్నారు. మధ్యలో కనిపించే క్రోటన్ ఆకుల వెనక ఉన్నది ఉషారాణి అని విశ్వసనీయంగా తెలిసింది. నాటి నుంచి అభినందనలు వస్తూనే ఉన్నాయి. ఇక్కడ పాట చివరిదాకా విన్నవాళ్ల సంఖ్య మాత్రం తలుపులమ్మ దగ్గరే ఆగింది. వచ్చే ఏడు కూడా సన్మానిస్తామని సమితి కబురు పెట్టింది. ఈసారి పాట ఉండదట.

మీరు కూడా ఉషారాణిని నిస్సంకోచంగా మెచ్చుకోవచ్చు. ఆమె గురించి ఇంతదాకా చదివారు కదా, ఇక వినడం దేనికి? సమితిలో సభ్యత్వానికి ఈ అర్హత చాలు.